మీటరు దాటిన కరెంటుకు జవాబుదారు ఎవరు?

మన సంఘాల్లో ఇప్పుడు గది అద్దెకు తీసుకుని క్యాంటీను పెట్టినవాళ్ళున్నారు, పిండిమిల్లు బిగించినవాళ్ళున్నారు, కుట్టు కేంద్రమో పాల శీతలీకరణ కేంద్రమో నడుపుతున్నవాళ్ళున్నారు. అప్పు పత్రాలు, అద్దె ఒప్పందం, వాయిదాల లెక్క గురించి నెలవారీ సమావేశంలో గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. కరెంటు పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మా మరిదికి తెలిసిన అబ్బాయి ఉన్నాడు, వాడు చేస్తాడులే" అన్న ఒక్క మాటతో తీర్మానం అయిపోతుంది. ఆ అబ్బాయి మంచోడే కావచ్చు, పనిమంతుడే కావచ్చు. కానీ వ్యాపారం చేసే చోట కరెంటు పని ఎవరు చేయాలి, చేసినదానికి ఎవరు జవాబు చెప్పాలి అన్న ప్రశ్న ఈనాటిది కాదు. దానికి నూట నలభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే కాంట్రాక్టరును ఏమడగాలో మనకే తోస్తుంది.

మొట్టమొదట ఈ ప్రశ్న అడిగింది ప్రభుత్వం కాదు, బీమా కంపెనీలు. 1881లో లండన్‌లో సవాయ్ అనే నాటకశాలలో కరెంటు దీపాలు వెలిగాయి. అంతకుముందు గ్యాసు దీపాలు. దీపం మారిందని జనం మురిసిపోయారు గానీ, నిప్పంటుకుంటే డబ్బు కట్టాల్సిన బీమా కంపెనీకి నిద్ర పట్టలేదు. గోడల మీద తీగలు ఎవరు లాగారు, ఎంత లావు తీగ వేశారు, అతుకు ఎలా వేశారు అని అడగడం మొదలుపెట్టాయి. ఫీనిక్స్ అనే అగ్ని బీమా సంస్థలో పనిచేసిన మస్‌గ్రేవ్ హీఫీ అనే ఇంజనీరు 1882లో వైరింగుకు నియమాలు రాశాడు. అదే ఏడాది అక్కడి టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘం కూడా కరెంటు దీపాల వల్ల అగ్గి పుట్టకుండా ఏం చేయాలో నియమాలు అచ్చువేసింది. ఆ కాగితాలు నాలుగైదు పేజీలకు మించవు. ఇవాళ ప్రపంచమంతా ఉన్న వైరింగు నియమాల పుస్తకాలకు అవే తొలి మెట్టు. ఎవరి డబ్బు పోతుందో వాళ్ళే ముందు లేచి అడిగారన్నది మనం గమనించాలి. మన గదిలో పోయేది మన డబ్బు. పైగా అది పదిమంది సభ్యులు జమ చేసుకున్న పొదుపు, బ్యాంకు నుంచో స్త్రీనిధి నుంచో తెచ్చిన అప్పు.

మన దేశంలో కరెంటు దీపం మొదట కలకత్తాలో 1879లో ప్రదర్శనగా వెలిగింది. 1897లో డార్జిలింగ్ దగ్గర నీళ్ళతో నడిచే చిన్న విద్యుత్ కేంద్రం వచ్చింది. 1899లో కలకత్తాలో కంపెనీ సరఫరా మొదలైంది. చట్టాలు కూడా ఆ వెంటే నడిచాయి. 1887లో ఒకటి, 1903లో ఒకటి, చివరికి 1910లో భారత విద్యుత్ చట్టం. ఈ 1910 చట్టమే మొన్నమొన్నటి వరకు, అంటే 2003 దాకా నిలబడింది. సరఫరా చేసేవాడు ఒకడు, వాడుకునేవాడు ఒకడు అని అది విడదీసి చెప్పింది. ఇద్దరి పనినీ చూడటానికి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు అనే అధికారిని పెట్టింది.

మన ప్రాంతానికి కరెంటు రెండు దారుల్లో వచ్చింది. నిజాం రాజ్యంలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం కట్టారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు కింద ఉండేవి. అక్కడ ప్రభుత్వ విద్యుత్ శాఖ 1927లో ఏర్పడింది. ఆ తర్వాత 1955లో మాచ్‌ఖండ్, 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు. అయినా చాలా ఊళ్ళకు కిరోసిన్ దీపమే గతి. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో పుట్టాకనే పల్లెలకు స్తంభాలు వేగంగా నడిచొచ్చాయి. అప్పుడే దేశం మొత్తంలో ఐదు చోట్ల ప్రయోగంగా విద్యుత్ సహకార సంఘాలు పెడితే, అందులో ఒకటి మన సిరిసిల్లలో 1970లో మొదలైంది. సభ్యులే యజమానులు, సభ్యులే వాడకందారులు, పాలకవర్గాన్ని ఓటు వేసి ఎన్నుకుంటారు. సహకార పద్ధతిలో కరెంటు సరఫరానే నడిపిన ప్రాంతం మనది. మరమగ్గాల ఊరు కాబట్టి అక్కడ కరెంటు అంటే దీపం ఒక్కటే కాదు, బతుకుదెరువు కూడా. సంఘం పెట్టుకున్న ఆడవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక మీటరు సంగతి. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే తీగ సరఫరా చేసేవాళ్ళది. బోర్డు ఉన్నప్పుడు బోర్డుది, 2000లో పంపిణీ సంస్థలు విడిపోయాక వాటిది. మీటరు దాటిన తర్వాత లోపలున్నదంతా వాడుకునేవాళ్ళది. అక్కడ షాకు కొట్టినా, మంట లేచినా ముందు మనల్నే అడుగుతారు. మన ఊళ్ళలో ఈ గీత చెరిగిపోయింది. "లైన్‌మన్‌కి చెబితే అయిపోతుంది" అంటాం. లైన్‌మన్ కొలువు స్తంభం మీద. మన క్యాంటీను లోపల వైరింగు చేయడం అతని ఉద్యోగంలో భాగం కాదు. చేసినా దానికి కాగితం ఇవ్వడు, ఇవ్వలేడు. కాగితం లేని పనికి రేపు జవాబుదారు ఉండడు. అతని వెంట తిరిగే ప్రైవేటు హెల్పరు సంగతి ఇంకా అధ్వానం. పాపం, ఆ పిల్లలు ఏ రక్షణా లేకుండా స్తంభాలెక్కి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

మరి ఎవరు చేయాలి? 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వ నిబంధన దీనికి తేటతెల్లంగా జవాబు చెప్పింది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి ఉన్నచోటే మార్చుకోవడం తప్ప, వాడకందారు ఆవరణలో కొత్త వైరింగు గానీ మార్పులు గానీ మరమ్మతు గానీ చేయాలంటే ముగ్గురు ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరు ఒకరు. యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు ఒకరు, అతను దగ్గరుండి చూడాలి. చేత్తో పని చేసే మనిషికి వైర్‌మన్ పర్మిట్టు ఉండాలి. ముగ్గురూ వేర్వేరు మనుషులే కానక్కర్లేదు, చిన్న పనుల్లో ఒకరికే రెండు పత్రాలు ఉండొచ్చు. కానీ మూడు బాధ్యతలూ ఉండాల్సిందే. చేసేది ఒకరు, చూసేది ఒకరు, జవాబు చెప్పేది ఒకరు.

ఇది మన సంఘం పద్ధతికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. మన దగ్గర లెక్క రాసేది బుక్ కీపరు, చూసేది సంఘం నాయకురాళ్ళు, తనిఖీ చేసేది ఆడిటరు. ఒక్కరి చేతిలోనే అన్నీ పెడితే ఏమవుతుందో మనకు వేరేవాళ్ళు చెప్పనక్కర్లేదు.

ఆ నిబంధనలు యాభై ఏళ్ళకు పైగా నడిచాయి. 2003 విద్యుత్ చట్టం వచ్చాక 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలు తెచ్చింది, 2023లో వాటిని మళ్ళీ కొత్తగా రాసింది. పేర్లు మారాయి, అంకెలు మారాయి. లైసెన్సు కాంట్రాక్టరు, సూపర్‌వైజరు, పర్మిట్టు వైర్‌మన్ అన్న మూడు కాళ్ళ పీట మాత్రం మారలేదు.

కాబట్టి "అన్నా, లైసెన్సు ఉందా?" అని అడగడంతో ఆగొద్దు. "ఉందమ్మా" అనే అంటాడు. చూపించమనండి. లైసెన్సు మీద ఎవరి పేరు ఉందో, ఎప్పటిదాకా చెల్లుతుందో, ఏ గ్రేడు పని చేయడానికి అనుమతి ఉందో రాసి ఉంటుంది. లైసెన్సు ఒకరిది, పని ఇంకొకరిది కావడం మన దగ్గర కొత్త కాదు. పట్నంలో ఉన్న ఒకాయన పేరు మీద ఊళ్ళో నలుగురు పని చేస్తుంటారు. అందుకని పని మొదలయ్యే రోజు ఆ పేరుగల మనిషో, అతని సూపర్‌వైజరో గదికి వచ్చి చూడాలని ముందే ఒప్పందంలో రాసుకోవాలి. రానంటే అక్కడే తెలిసిపోయింది.

రెండో కాగితం టెస్ట్ రిపోర్టు. వైరింగు అయ్యాక కరెంటు ఇచ్చే ముందు తీగల్లోంచి ఎక్కడా లీకు లేదని పరీక్ష చేయాలి. ఎలక్ట్రీషియన్లు "మెగ్గర్ పెట్టడం" అంటారు. ఆ పెట్టె కూడా చరిత్రలో పాతదే. ఇంగ్లండులో ఎవర్షెడ్ అనే ఆయన 1889లో చేత్తో మోసుకుపోయే పరీక్ష యంత్రం తెచ్చాడు, 1903 నుంచి దానికి మెగ్గర్ అని పేరు. 500 వోల్టులు పెట్టి చూస్తే తీగకూ భూమికీ మధ్య కనీసం ఒక మెగా ఓం అడ్డు కనిపించాలి. అంతకంటే తక్కువ వస్తే ఎక్కడో తొక్క ఊడిందనో, చెమ్మ చేరిందనో లెక్క. ఆ అంకె రాసి, కాంట్రాక్టరూ సూపర్‌వైజరూ సంతకం పెట్టి ఇచ్చేదే టెస్ట్ రిపోర్టు. చాలాచోట్ల మీటరు దరఖాస్తుతో పాటు పెట్టడానికి ఈ కాగితాన్ని పరీక్ష చేయకుండానే నింపేస్తారు. మెగ్గర్ పెట్టేటప్పుడు మనలో ఒకరు పక్కన నిలబడి అంకె చదివించుకుంటే చాలు. చదువు రాని అక్క నిలబడినా ఫరవాలేదు, పని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తారు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమాహాల్లో జరిగింది వినండి. ఆ హాలు కింది అంతస్తులో ఢిల్లీ విద్యుత్ బోర్డు ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. ఆ రోజు పొద్దున్నే, ఏడు గంటలు కాకముందే, దానికి మంట అంటుకుంది. ఆర్పేశారు. బోర్డు మనుషులు వచ్చి కాలిపోయిన తీగ కొసలు మార్చారు. తీగ కొసకు అల్యూమినియం తొడుగు వేసి గట్టిగా నొక్కడానికి క్రింపింగ్ మెషిను అని ఉంటుంది. అది వాడలేదు. డై పెట్టి సుత్తితో కొట్టి బిగించారు. మధ్యాహ్నం కాకముందే కరెంటు వదిలారు. మ్యాట్నీ ఆట మొదలైంది. సాయంత్రం ఐదుకు కొద్ది నిమిషాల ముందు ఆ తీగ వదులై ఊడి, నిప్పురవ్వలు లేచి, ట్రాన్స్‌ఫార్మరు రేకుకు చిల్లుపడి నూనె కారి అంటుకుంది. పొగ పైకి బాల్కనీలోకి పాకింది. కుర్చీలు పెంచుకోవడం కోసం అక్కడ ఒక దారి మూసేసి ఉన్నారు. 59 మంది చనిపోయారు, ఎక్కువమంది ఊపిరాడకే. ఇవన్నీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసులో నమోదైన సంగతులు.

పొద్దున సుత్తి, సాయంత్రం ప్రాణాలు. నడుమ ఆరు గంటల్లో ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, సినిమా ఆడింది. కరెంటు పనిలో ఉన్న కిటుకే అది. కూరలో ఉప్పు ఎక్కువైతే నోట్లో పెట్టగానే తెలుస్తుంది, కుట్టు వంకరగా పోతే కంటికి కనిపిస్తుంది. వదులు అతుకు గోడ లోపల వేడెక్కుతూ నెలల తరబడి కూర్చుంటుంది. "పని చేస్తోంది కదా" అన్నది కరెంటు విషయంలో రుజువు కాదు. అలాగే, ఉపహార్‌లో పని చేసింది బయటి కుర్రాళ్ళు కాదు, బోర్డు సిబ్బందే. అంటే కార్డు ఉంటే సరిపోదు, చేతిలో సరైన పనిముట్టు ఉందా అని కూడా చూడాలి. మీ కాంట్రాక్టరు సంచిలో క్రింపింగ్ పట్టకారు ఉందా, మెగ్గర్ ఉందా, ఎర్త్ టెస్టరు ఉందా? సొంతానికి లేకపోతే అద్దెకైనా తెస్తాడా? ఈ మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పేవాడు సగం పరీక్ష గట్టెక్కినట్టే.

మనకు దగ్గర్లోనే సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో 2023 మార్చి 16న మంటలు లేస్తే ఆరుగురు పిల్లలు పోయారు. ఉద్యోగం కోసం జిల్లాల నుంచి పట్నం వెళ్ళిన వయసు పిల్లలు. అక్కడ కూడా తొలుత అనుమానించింది షార్ట్ సర్క్యూట్‌నే.

గది పాతదైతే అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే కాంట్రాక్టరును తీసుకెళ్ళి చూపించడం మేలు. మన ఊరి బజారు గదుల్లో మూడు తరాల వైరింగు ఇంకా కనిపిస్తుంది. అన్నింటికంటే పాతది, గోడకు టేకు చెక్క పట్టీలు కొట్టి వాటి మీద రేకు క్లిప్పులతో తీగ లాగినది. పింగాణీ ఫ్యూజులు, నల్లటి గుండ్రటి స్విచ్చులు దానివే. ఆ తర్వాత 1960ల నుంచి దేశంలో రాగి కరువై, విదేశీ మారకం లేక, అల్యూమినియం తీగలు వచ్చాయి. అల్యూమినియం చెడ్డదేమీ కాదు గానీ స్క్రూ కింద మెల్లగా నలిగి వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. అల్యూమినియం తీగకు రాగి తీగ మెలిపెట్టి అతికించిన చోట్లు మరీ ప్రమాదం. మూడో తరం, పైపులో లాగిన పీవీసీ రాగి తీగలు, ఎంసీబీలు. నలభై ఏళ్ళ కిందట రెండు బల్బులు, ఒక ఫ్యాను కోసం లాగిన తీగ మీద ఇవాళ మనం డీప్ ఫ్రీజరు, గ్రైండరు, మిక్సీలు పెడుతున్నాం. గది యజమాని "కరెంటు ఉందమ్మా" అంటాడు. ఏ కాలం నాటి కరెంటో మనం చూసుకోవాలి.

మంచి కాంట్రాక్టరును మాటల్లోనే పట్టుకోవచ్చు. ధర చెప్పే ముందు "ఏం మిషన్లు పెడుతున్నారమ్మా, మోటారు ఎన్ని హార్స్‌పవర్?" అని అడిగేవాడు పని తెలిసినవాడు. అడగకుండానే "పాయింటుకింత" అని మొదలుపెట్టేవాడిని కొంచెం అనుమానించాలి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. పది హార్స్‌పవర్ల పిండిమిల్లు మోటారు ఏడున్నర కిలోవాట్లు, త్రీ ఫేజు మీద దాదాపు 14 ఆంపియర్లు లాగుతుంది. నేరుగా స్విచ్చు వేస్తే మొదటి క్షణాల్లో దానికి ఐదారు రెట్లు గుంజుతుంది. అందుకే స్టార్టరు ఎలాంటిది పెట్టాలి, తీగ ఎంత లావు వేయాలి అన్నది ఆ లెక్కను బట్టే ఉంటుంది. మామూలుగా లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, పెద్ద ప్లగ్గులకు 2.5, ఏసీ లాంటి వాటికి 4 వేస్తారు. ధర తగ్గించాలంటే మొదట తగ్గేది ఈ లావే. గోడలోకి పోయాక ఎవరికీ కనిపించదు కదా! అంచనా కాగితంలో తీగ లావు, బ్రాండు, దాని మీద ఐఎస్ఐ గుర్తు, ఎన్ని చుట్టలు అన్నీ రాయించుకుని, వచ్చిన చుట్టల లేబుళ్ళు చించకుండా దాచమనాలి. మూడు అంచనాలు తీసుకోవడం మన పద్ధతే. కానీ మూడింటికీ ఒకే మిషన్ల జాబితా ఇచ్చినప్పుడే పోలిక కుదురుతుంది. లేకపోతే తక్కువ ధర చెప్పినవాడు తక్కువ పని చెప్పాడో, తక్కువ లాభం చెప్పాడో తెలియదు.

ఎంసీబీ పెట్టాం కాబట్టి షాకు కొట్టదనుకునే అక్కలు చాలామంది ఉన్నారు. ఎంసీబీ కాపాడేది తీగను. మనిషిని కాపాడేది ఇంకొకటుంది, ఆర్‌సీసీబీ అంటారు. పాతవాళ్ళు ఈఎల్‌సీబీ అనేవాళ్ళు. లోపలికి పోయిన కరెంటు అంతా తిరిగి వెనక్కి వస్తోందా అని అది ఎప్పుడూ లెక్క చూస్తుంటుంది. గ్రైండరు ముట్టుకున్న తడి చేతిలోంచి కొంచెం భూమిలోకి పోయినా లెక్క తేడా వచ్చి టక్కున ఆపేస్తుంది. మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టాలి. 1956 నిబంధనల్లోనే తర్వాత 61ఏ అని చేర్చి, 5 కిలోవాట్లు, ఆపైన ఉన్న కనెక్షన్లకు ఇలాంటిది ఉండాలన్నారు. నీళ్ళు, పిండి, పాలు ఉండే మన కేంద్రాలకు లోడు ఎంతైనా సరే ఇది ఉండాల్సిందేనని నా మాట. దాని మీద "టెస్ట్" అని చిన్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. పడిపోతే బాగున్నట్టు.

కనెక్షను సంగతి కూడా కాంట్రాక్టరుతోనే మాట్లాడుకోవాలి. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 చట్టం 126వ సెక్షను కింద అది అనుమతి లేని వాడకం. అసలు కట్టాల్సిన ధరకు రెట్టింపు లెక్కేస్తారు, ఎప్పటినుంచో తేల్చలేకపోతే పన్నెండు నెలలకు వేస్తారు. "ప్రస్తుతానికి ఇంటి మీటరు మీద లాగిద్దాం, ఎవరు చూస్తారు" అని సలహా ఇచ్చే కాంట్రాక్టరు వైరింగులో కూడా అదే ధోరణిలో ఉంటాడు.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. సామాను వచ్చినప్పుడు కొంత, తీగలు లాగాక కొంత, టెస్ట్ రిపోర్టు చేతికి వచ్చాక మిగతాది అని ముందే తీర్మానం పుస్తకంలో రాసి, అతనితోనూ సంతకం పెట్టించండి. ఏ స్విచ్చు ఏ మిషనుకో చూపించే గీత బొమ్మ ఒకటి గీయించి బోర్డు తలుపు లోపల అంటించమనండి. రేపు ఇంకొకరు మరమ్మతుకు వచ్చినా తడుముకోరు.

చివరగా ఎర్తింగు. త్రీ ఫేజు మోటారు ఒంటికి రెండు వేర్వేరు ఎర్త్ తీగలు ఉండాలని పాత నిబంధనలే చెప్పాయి, ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుందని. ఎర్త్ గుంటను రెండేళ్ళకోసారైనా పరీక్షించాలని, అదీ ఎండాకాలంలో, నేల పొడిగా ఉన్న రోజున చేయాలని కూడా రాశారు. వానాకాలంలో ఏ గుంటైనా బాగానే కనిపిస్తుంది కదా! మీ కేంద్రంలో గుంట ఎక్కడుందో కాంట్రాక్టరుతో సున్నం గుర్తు పెట్టించండి. మే నెలలో పరీక్ష చేసిన తేదీ, వచ్చిన అంకె, చేసిన మనిషి పేరు, లైసెన్సు నంబరు తీర్మానం పుస్తకంలోనే ఒక పేజీ కేటాయించి రాసుకోండి. ఆ పేజీలో రెండో వరుస ఎప్పుడు రాయాలో కూడా పక్కనే వేసుకోండి.